పారేసిన మొక్కల లెక్క

మా నర్సరీ తాతగారు పోయాక వచ్చిన సంతాపాల్లో దాదాపు అన్నిటిలోనూ ఒక అంకె ఉంది. ఒకాయన లక్ష మొక్కలు ఉచితంగా పంచారని రాశారు. ఇంకొకాయన పది లక్షలన్నారు. కడియపులంక సెంటర్లో ఫ్లెక్సీ కట్టిన కుర్రాళ్ళు ఏకంగా కోటి దాకా వెళ్ళారు. ఆయనే చూసుంటే "కోటి మొక్కలు ఊరికే ఇచ్చేస్తే కవర్లలో మట్టి నింపిన ఆడోళ్ళకి కూలి ఎవడిచ్చాడ్రా?" అని అడిగుండేవారు.

ఆయన ఊరికే ఇచ్చింది చాలా తక్కువ. బడికీ గుడికీ కూడా సగం ధర పుచ్చుకునే ఇచ్చేవారు. పుచ్చుకున్న సొమ్ముకి రసీదు రాసేవారు. కాబట్టి ఆ ఫ్లెక్సీ మీదున్న మనిషెవరో నాకు తెలియదు. నాకు తెలిసిన మనిషి పక్కా వ్యాపారి. తొంభై దాటేదాకా బతికి, అందులో డెబ్భై ఏళ్ళు మొక్కలమ్మి, ఊరికి చేయగలిగిన మేలంతా ఆ అమ్మకంలోనే చేశాడాయన. దానధర్మాల పద్దులో వెతికితే ఆయన దొరకరు.

పేరు రాయొద్దని ఇంటివాళ్ళు అడిగారు, రాయడం లేదు. మా నాన్న ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేవాడు కాబట్టి నాకు తాతగారు. రక్తసంబంధం ఏమీ లేదు. మా చేనూ ఆయన తోటా ఒకే బోదె కాలవ కింద ఉండేవి, అదే చుట్టరికం.

కడియం సంగతి బయటివాళ్ళకి కొంచెం చెప్పాలి. రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే వేమగిరి దాటాక రెండు పక్కలా మొక్కలు మొదలవుతాయి. కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, వీరవరం, దుళ్ళ, జేగురుపాడు, ఇలా ఊరు మారినా మొక్కలు మాత్రం తెగవు. ఇక్కడి మట్టి గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. నీళ్ళు ధవళేశ్వరం కాలవవి. 1852లో ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ భూములు తడి ఎరిగినవి. తాతగారి నాన్నగారు లంకలో కనకాంబరం, చామంతి వేసి పూలు అమ్ముకునేవారు. పూల మొక్క అడిగినవాళ్ళకి పూలతోపాటు పిలకలు అమ్మడం, పిలకలు కొన్నవాడు అంటు మామిడి అడిగితే అదీ తెచ్చి అమ్మడం, ఆ తెచ్చేదేదో మనమే కట్టుకుంటే పోలేదా అనుకోవడం. తాతగారి వ్యాపారం ఇలా ఒకదాని వెనక ఒకటిగా పెరిగింది. ఆయన జీవితంలో మలుపులనదగ్గవన్నీ గోదావరి, తుఫాను, రోడ్డు ఈ మూడే తెచ్చాయి. 1953 వరద, 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను, ఆ తర్వాత హైవే విస్తరణ.

ఆ 1996 దగ్గర కాస్త ఆగాలి.

నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానుకి కోనసీమలో కొబ్బరి తోటలు నేలకి ఒరిగిపోయాయి. తెల్లారేసరికి ఆకాశం ఎక్కువ కనపడిందని అమలాపురం వైపు వాళ్ళు ఇప్పటికీ అంటారు. తర్వాతి రెండు మూడేళ్ళూ కొబ్బరి మొక్క ఎంత చెప్తే అంత. ఎవరి దగ్గరుంటే వాళ్ళే రాజు. మామూలుగా నర్సరీవాళ్ళు పారేసే మొక్కలు కూడా ఆ ఏడాది లారీ ఎక్కాయి.

కొబ్బరి మొక్కలో పారేసేది ఏముంటుందని కొత్తవాళ్ళు అడుగుతారు. ఉంటుంది. విత్తనపు కాయలు మడిలో పాతాక అన్నీ ఒకేసారి మొలవవు. తొందరగా మొలిచినవి తొందరగా కాపుకొస్తాయి. అయిదు నెలలు దాటినా మొలవని కాయని తీసి పారెయ్యాలి. మొలిచినవాటిలో కూడా మొదలు సన్నగా ఉన్నవీ, ఏడాది నిండుతున్నా ఆకులు చీలనివీ, బారుగా సాగిపోయినవీ ఏరెయ్యాలి. బాగా ఏరితే వంద కాయలకి అరవై మొక్కలు మిగిలినా గొప్పేనని తాతగారు అనేవారు. మిగతా నలభై కాయల డబ్బూ, నీళ్ళూ, కూలీ మట్టిలో కలిసినట్టే. ఏరకుండా అమ్మితే అదంతా లాభం. పైగా కొనేవాడికి తేడా తెలియదు.

ఎప్పుడు తెలుస్తుంది? మన కోస్తా పొడుగు రకం గెల వెయ్యడానికే ఆరేడేళ్ళు పడుతుంది. అప్పటికి కొన్న రసీదు ఉండదు, అమ్మినవాడు ఉండకపోవచ్చు, ఒక్కోసారి నాటినవాడే ఉండకపోవచ్చు. చీర రంగు పోతే వారంలో కొట్టుకెళ్ళి పోట్లాడొచ్చు. మొక్క దగాలో పోట్లాడ్డానికి మనిషి దొరకడు. అందుకే ఈ వ్యాపారంలో నిజాయితీ అనేది గుణమే కాదు, సరుకులో భాగం అంటాను నేను. రైతు నిజానికి కొనేది అమ్మేవాడి మాటని.

ఆ మూడేళ్ళూ తాతగారు ఏరడం మానలేదు. ఏరిన మొక్కల్ని వెనక గట్టు మీద గుట్టపోసి, ఎవరూ ఎత్తుకెళ్ళి అమ్ముకోకుండా మొదళ్ళు నరికించేవారు. నరికించడమే అందరికీ మండింది. "ఊరికే పారేసేది మాకిస్తే ఏం పోయింది?" అని అడిగారు. "పదేళ్ళ తర్వాత ఆ చెట్టు చూసి ఇది ఫలానావాడి మొక్క అంటావు. అదీ పోయేది" అన్నారట. ఇది మా నాన్న చెప్పిన మాట. అప్పుడు ఇల్లు గడవక చేలు తాకట్టు పెట్టినవాళ్ళకి మొక్కలు అప్పుగా ఇచ్చారు. కాపు మొదలయ్యాక తీర్చమన్నారు. వడ్డీ లేదు, కానీ అసలు వదిలిపెట్టలేదు. 2004లో కూడా ఒకాయన దగ్గరికి కబురు పంపడం నాకు గుర్తుంది. సంతాపాల్లో "ఉచితంగా" అని రాసింది బహుశా ఈ అప్పు గురించే. అప్పిచ్చాడని రాస్తే గొప్పగా వినిపించదు గదా.

ఈ నరికించిన మొక్కల లెక్క ఎవరైనా వేశారా? ఒక నర్సరీవాడు సంఘానికి చేసిన మేలు తెలియాలంటే వెయ్యాల్సిన లెక్క అదే అని నా వాదన. అమ్మిన మొక్కలూ పంచిన మొక్కలూ ఎవరైనా చెప్తారు. అమ్మగలిగి కూడా అమ్మనివి ఎన్ని?

అంటు మామిడి దగ్గర ఇంకో రకం నిజాయితీ కావాలి. అంటు అంటే నాటు టెంక మొక్క మీద మంచి రకం చెట్టు కొమ్మ అతికించడం. మనవాళ్ళు నర్సరీకి రాగానే వెతికేది ఎత్తు మొక్క. దానికో కాయ వేలాడుతుంటే మరీ సంతోషం. తాతగారి దగ్గర కూడా అలాంటివి ఉండేవి, రోడ్డు వైపు వరసలో. ఎవరైనా అటు వెళ్తే వెనకాలే వెళ్ళేవారు. "బాబూ, అది మూడేళ్ళుగా ఆ కవర్లోనే ఉందండి. వేరు లోపల చుట్ట చుట్టుకుపోయింది. మీ పెరట్లో పెట్టినా ఆ చుట్ట అలాగే ఉంటుంది, చెట్టయ్యాక గాలికి పడిపోద్ది. ఆ చిన్నదాన్ని పట్టుకెళ్ళండి." చిన్నది ధర తక్కువ. లోపలికి వచ్చి పెద్దదాన్ని కొనబోయినవాడికి చిన్నది ఇచ్చి పంపిస్తే ఆయన కొడుకు తల పట్టుకునేవాడు.

కొన్నవాళ్ళకి ఆయన చెప్పే పాఠం ఒకటుండేది, అందరికీ ఒకే మాటల్లో. అంటు కట్టిన చోటు మట్టిలోకి పోకూడదు. కట్టుకి చుట్టిన ప్లాస్టిక్ రిబ్బన్ తీసేశారో లేదో చూసుకోండి, లేకపోతే అది కాండాన్ని కోసేస్తుంది. కట్టు కింద నుంచి వచ్చే చిగురు ఎంత బలంగా ఉన్నా గిల్లెయ్యండి, అది నాటు టెంక చిగురు. ఆ చివరిది మనలో ఎంతమందికి తెలుసు? కింద చిగురే తొందరగా పెరుగుతుంది, చూసి మురిసిపోతాం, పైనున్న బంగినపల్లి కొమ్మ మెల్లిగా ఎండిపోతుంది, అయిదేళ్ళ తర్వాత పుల్లటి పీచుకాయ కాస్తుంది. అప్పుడు నర్సరీవాడు మోసం చేశాడంటాం. చేసేవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ తిట్లలో సగం మనం గిల్లని చిగురువే.

ఇక తన దగ్గర లేని సరుకు అడిగినవాళ్ళకి పక్కవాడి దగ్గర్నుంచి తెప్పించి అమ్మడం ఇక్కడ మామూలే. తాతగారు పూల మొక్కలకి అలా చేసేవారు గాని, తోట వేసే రైతుకి చెయ్యలేదు. నిమ్మ తోట వేస్తానని వచ్చినవాళ్ళని వెంకటగిరి పక్కన పెట్లూరు పరిశోధనా స్థానానికి వెళ్ళమనేవారు. చీనీ, అంటే బత్తాయి అడిగితే "ఏ వేరు మీద కట్టారో అడిగి కొను, రంగపూర్ నిమ్మ మీద కట్టింది అడుగు, జంబేరి మీదది వేరుకుళ్ళుకి ఆగదు" అని చెప్పి పంపేవారు. ఎక్కడో అనంతపురం నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చిన మనిషికి టీ ఇప్పించి, ఏమీ అమ్మకుండా వెనక్కి పంపించడం ఇది.

ఆయన మీద సొంతవాళ్ళు చేసే పెద్ద ఫిర్యాదు, అంటు కట్టడం అందరికీ నేర్పి పోటీ కొనితెచ్చుకున్నారని. అల్లుడుగారు నాతోనే అన్నారు, "మామగారు ఒక్క పదేళ్ళు నోరు మూసుకుని ఉంటే మేం ఈపాటికి ఎక్కడో ఉండేవాళ్ళం". పనిలోకి వచ్చిన కుర్రాడికి రెండో ఏడు చేతికి కత్తి ఇచ్చేవారు. సయాన్ పుల్ల, అంటే అతికించే కొమ్మ, కొయ్యడానికి వారం పది రోజుల ముందు తల్లి చెట్టు మీదే దాని ఆకులు తుంచాలి, అప్పుడే కన్ను ఉబ్బుతుంది. పుల్లా, కింద మొక్కా ఒకే లావుండాలి. కోత ఒక్క వేటులో పడాలి, రెండోసారి చెక్కితే అతకదు. జూన్‌లో తిన్న కాయ టెంకని జూలైలోపు పాతాలి, ఎండితే మొలవదు. ఇవి రహస్యాలేమీ కావు, వ్యవసాయ కళాశాల పుస్తకాల్లో ఉన్నవే. కానీ పుస్తకంలో చదివినవాడి అంటు వందకి ముప్పై అతుక్కుంటే, తాతగారి పక్కన రెండు సీజన్లు కూర్చున్నవాడిది ఎనభై అతుక్కునేది. అలా నేర్చుకున్నవాళ్ళు అర ఎకరం కౌలుకి తీసుకుని, సొంత బోర్డులు పెట్టుకున్నారు. కొన్ని బోర్డులు ఆయన గేటుకి ఎదురుగానే.

అల్లుడుగారి లెక్క తప్పని నేననుకుంటాను. బెంగుళూరు నుంచో నాగపూర్ నుంచో లారీ వేసుకుని వచ్చేవాడు ఒక్క తోట కోసం రాడు. రెండువందల రకాలు ఒకే రోజు నింపుకుని వెళ్ళాలి. ఒక నర్సరీలో అన్ని రకాలూ అంత సంఖ్యలో ఎప్పటికీ ఉండవు. పక్కపక్కన వందల తోటలుంటేనే లారీ నిండుతుంది, నిండుతుందనే నమ్మకం ఉంటేనే లారీ వస్తుంది. కడియం ఒక్క కుటుంబం చేతిలో ఉండుంటే అదొక పెద్ద నర్సరీగా మిగిలేది తప్ప కడియం అయ్యేది కాదు. తాతగారు ఇదంతా లెక్క వేసి నేర్పారని చెప్పను. మొక్క చచ్చిపోతుంటే చూడలేక నేర్పారు. ఎవడైనా వంకరగా కోస్తే చేతిలోంచి కత్తి లాక్కునేవారు, అంతే.

ఈ అంకెల పిచ్చి తాతగారితో మొదలవ్వలేదు. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి వనజీవి రామయ్యగారు 2025 ఏప్రిల్ 12న పోయినప్పుడు కూడా పత్రికల్లో కోటి మొక్కలనే మాటే పెద్దక్షరాల్లో వచ్చింది. 2017లో పద్మశ్రీ అందుకున్న మనిషి. మెడలో "వృక్షో రక్షతి రక్షితః" బోర్డు వేసుకుని, సైకిల్ మీద విత్తనాలు పెట్టుకుని, భార్య జానమ్మగారి తోడుతో జీవితమంతా తిరిగాడు. ఆ తిరగడం కదా అసలు సంగతి! విత్తనాలు ఏరి, ఎండబెట్టి, దాచి, వాన చూసి చల్లడం. అది కోటి అయినా లక్ష అయినా ఆయన గొప్పకి తేడా ఏముంది? ఎక్కడ ఏది వేస్తే బతుకుతుందో ఆయనకి తెలిసిన తెలివి ఎవరైనా రాసుకున్నారా అని నాకు బెంగ.

ప్రభుత్వాలది ఇంకో దారి. 2016 జూలై 11న ఉత్తరప్రదేశ్‌లో ఒక్క రోజులో సుమారు అయిదు కోట్ల మొక్కలు నాటి గిన్నిస్ రికార్డు కొట్టారు. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం లక్ష్యం 230 కోట్లు. వీటన్నిటిలో నాకు నచ్చింది ఒక్క అంకె, తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018లో పెట్టిన 85 శాతం. నాటిన మొక్కల్లో అన్ని బతకాలని సర్పంచి మీద బాధ్యత పెట్టారు. ఎంత అమలైందన్నది వేరే చర్చ గాని, నాటినవి ఎన్ని అనే ప్రశ్న నుంచి బతికినవి ఎన్ని అనే ప్రశ్నకి చట్టం రావడం చిన్న విషయం కాదు. అయితే బతకడం గుంటలో మొదలవదు, నర్సరీలో మొదలవుతుంది. టెండరులో మొక్క ఎత్తు ఎన్ని అడుగులో రాస్తారు, వేరు ఎలా ఉందో అడగరు. తక్కువ ధర కోట్ చేసినవాడికి పని. ఎత్తుగా, చవగ్గా కావాలంటే నర్సరీలో మిగిలిపోయిన, వేరు చుట్టుకుపోయిన మొక్కే వస్తుంది. తాతగారు గట్టు మీద నరికించిన సరుకే ఊరూరా ఫొటోల్లో నిలబడుతుంది. ఆంధ్రాలో 2010లో ఉద్యాన నర్సరీల నమోదుకి చట్టం వచ్చినప్పుడు ఆయన చాలా సంతోషించారు. తల్లి చెట్టు ఎక్కడిదో రాసి ఉంచాలంటే దొంగలు తగ్గుతారన్నారు. కానీ కొనేవాడు అడగాలి. మీరు కొన్న మామిడి మొక్కకి తల్లి చెట్టు ఏదని ఎప్పుడైనా అడిగారా?

ఇంత చెప్పాక రెండు విషయాలు దాటవేస్తే అది ఇంకో ఫ్లెక్సీ అవుతుంది.

మొదటిది కోనోకార్పస్. పుల్ల గుచ్చితే బతుకుతుంది, ఆరు నెలల్లో పచ్చటి స్తంభంలా లేస్తుంది, పశువు ముట్టదు. రోడ్ల మధ్య డివైడర్లకీ అపార్టుమెంట్ల ప్రహరీలకీ దానంత సుఖమైన మొక్క లేదని మునిసిపాలిటీలూ బిల్డర్లూ లారీలకి లారీలు ఎత్తుకెళ్ళారు. తాతగారి తోటలోనూ వేలల్లో పెంచారు. పుప్పొడి, డ్రైనేజీ పైపుల్లోకి దూరే వేళ్ళు, పిట్ట వాలని ఆకు. ఈ గొడవలన్నీ తర్వాత వచ్చాయి. 2023లో గుజరాత్ ప్రభుత్వం నిషేధించింది. "ఎందుకు పెంచారు తాతగారూ?" అని అడిగితే "ఆర్డరొచ్చింది, పెంచాను" అన్నారు. సాకు చెప్పలేదు, అది నచ్చింది. కానీ కొబ్బరి మొక్కకి పనికొచ్చిన ఆ మొండితనం ఇక్కడ ఎందుకు పనికి రాలేదన్నది నాకు అర్థం కాదు. కొబ్బరి రైతు ఎదురుగా నిలబడి కొన్నాడు, కోనోకార్పస్ కొన్నది కాంట్రాక్టరు. మనిషి కనపడని చోట ఆయన నిజాయితీ కూడా కొంచెం సడలిందేమో.

రెండోది కూలి. కవర్లు నింపేదీ, కలుపు తీసేదీ, నీళ్ళు పట్టేదీ ఆడవాళ్ళు. కత్తి పట్టేది మగవాళ్ళు. అంటుకి ఇంత అని కట్టేవాళ్ళకి వచ్చే డబ్బు, రోజుకూలి కంటే చాలా ఎక్కువ. ఊరందరికీ నేర్పిన మనిషి తన తోటలో ముప్పై ఏళ్ళు వంగి పనిచేసిన ఆడవాళ్ళ చేతికి కత్తి ఇవ్వలేదు. "ఆళ్ళకి కుదరదు" అనేవారు. ఎందుకు కుదరదో చెప్పలేదు. 2020 వేసవిలో లాక్‌డౌన్‌కి లారీలు ఆగిపోయి, కట్టేవాళ్ళు ఊళ్ళకి పోయినప్పుడు కోడలుగారు ఇద్దరాడవాళ్ళని కూర్చోబెట్టి నేర్పించారు. కుదిరింది. ఆయన రోజూ వచ్చి ఆ వరసే చూసేవారు, ఏమీ అనేవారు కాదు.

ఇప్పుడు ఆ తోట ఏమవుతుందన్నది ఊళ్ళో మాట్లాడుకుంటున్నారు. రోడ్డు వైపు ముక్క ఫంక్షన్ హాలుకి అడుగుతున్నారు. మనవలు ఒకరు హైదరాబాదులో, ఒకరు డాలస్‌లో. వాళ్ళని నేనేమీ అనను. హైవే పక్క సెంటు భూమి ధరకి ఏ మామిడి అంటూ సమాధానం చెప్పలేదు. కానీ రోడ్డు వైపు ముక్క ఎంత విలువైనా పరవాలేదు, వెనక మూడెకరాల్లో తల్లి చెట్లున్నాయి. మామిళ్ళలో కొత్తపల్లి కొబ్బరి, చెరుకు రసం, సువర్ణరేఖ, పండూరు మామిడి, కొబ్బరిలో గంగాబొండం. ఒక్కొక్కదాని కాపు ఆయన యాభై ఏళ్ళు నోటుబుక్కుల్లో రాసుకున్నారు. ఏ చెట్టు ఏడాది విడిచి ఏడాది కాసింది, ఏది తెగులుకి తట్టుకుంది, ఏది పచ్చట్లో ముక్క మెత్తబడలేదు, అన్నీ. చెట్టు కొట్టేస్తే ఆ నోటుబుక్కులు చిత్తుకాగితాలు. నోటుబుక్కులు పోతే అవి మామూలు చెట్లు. రెండూ కలిపి ఉంచడానికి ఉద్యానశాఖ గాని, వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం గాని ముందుకి రావాలని మేం కొందరం అర్జీ రాస్తున్నాం. ఫంక్షన్ హాలు కట్టుకోనివ్వండి, వెనక దాన్ని మాత్రం కౌలుకైనా తీసుకోండి అని.

అందులో ఇప్పటికే లేనిది ఒకటుంది. హైవే విస్తరణలో కాలవ గట్టు మీది పచ్చడి మామిడి చెట్టు పోయింది. దానికి రకం పేరు లేదు, టెంక మొలిచి పెరిగిన చెట్టు. మేం గట్టు మామిడి అనేవాళ్ళం. కాయ పొడుగ్గా, తొడిమ దగ్గర ఒక పక్క కొంచెం నొక్కినట్టు ఉంటుంది, ముక్క కొడితే టెంక పెంకు పలచగా ఉంటుంది. తాతగారు దాన్నుంచి కొన్ని వందల అంటులు కట్టి 1990ల్లో అమ్మారు. ఎవరికమ్మారో రాసిన పుస్తకం మాత్రం దొరకలేదు. కాకినాడ, రామచంద్రపురం, తణుకు వైపు పెరళ్ళలో ఉండే అవకాశం ఎక్కువ. మీ పెరట్లోనో, మీ అమ్మమ్మగారి ఊళ్ళోనో ఆ గుర్తులున్న కాయ కాస్తే ఈ కింద రాయండి. జూలైలో మేమే వచ్చి పుల్లలు కోసుకుంటాం. దూరమైతే మీరే పంపొచ్చు. ముదిరిన కొమ్మ వద్దు, పెన్సిల్ లావున్న మూడు నాలుగు నెలల రెమ్మ చాలు. వారం ముందు ఆకులు తుంచి, తొడిమలు మాత్రం ఉంచండి. కోశాక తడి గుడ్డలో చుట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు కట్టి, అదే రోజు పార్సిల్ వెయ్యండి. మూడు రోజుల్లో చేరితే అతుక్కుంటాయి. ఖర్చులు మావే, కోడలుగారు పుల్లకి ధర కూడా కట్టిస్తామన్నారు.